పాతబస్తీ బర్రెలు – పల్లె చొప్ప

 

కుడితితొట్టి అంటే తెలియని రైతు కుటుంబం ఉండదు. బియ్యం కడిగిన నీళ్లు, వార్చిన గంజి, కూరగాయల చెక్కు, దోసెడు తవుడు, చిటికెడు ఉప్పు – మనిషి తినగా మిగిలినదంతా ఆ తొట్టిలో చేరేది. మేతకు పోయి వచ్చిన బర్రె మూతి ముంచి, అడుగు కనపడేదాకా తాగి, అప్పుడు తలెత్తేది. మరునాడు ఆ కుడితే పాలై ఇంట్లోకి వచ్చేది. పంటల ఉప ఉత్పత్తుల వినియోగం అని మేము ఆఫీసు కాగితాల మీద రాసుకొనే పెద్ద మాటకు అర్థమంతా ఆ చిన్న తొట్టిలోనే ఉన్నది.

ఈ విషయం గురించి మాట్లాడటానికి నాకొక కారణం ఉన్నది. ముందు అది చెప్పుకొని, తరువాత చరిత్రలోకి పోతాను.

పదేళ్ల క్రిందటి మాట. వ్యవసాయ డిప్లొమా పూర్తిచేసి నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. చేవెళ్ల వైపు ఒక ఊళ్లో నాలుగెకరాల రైతు జొన్న, కంది వేసుకొనేవాడు. రెండు పాడి బర్రెలు ఉండేవి. నేను వారి అరుగు మీద కూర్చొని కాగితం మీద లెక్క వేసి చూపించాను. జొన్న గింజలు ఇన్ని క్వింటాళ్లు, వచ్చేది ఇంత. పత్తి వేస్తే వచ్చేది ఇంత. రైతుకు నా లెక్క నచ్చింది. ఆయన భార్య గోడకు ఆనుకొని నిలబడి అంతా విన్నది. చివరకు ఒక్క మాట అడిగింది: "అంతా మంచిగనే ఉన్నది గాని సారూ, పత్తికట్టె బర్రె తింటదా?"

నేను నవ్వి ఊరుకొన్నాను. ఆ ఏడు నాలుగెకరాలూ పత్తే వేశారు. పత్తి పండింది, డబ్బూ వచ్చింది. కాని ఎండాకాలం వచ్చేసరికి ఇంట్లో చొప్ప కట్ట లేదు. కొన్నాళ్లు కొని వేశారు. ఆపైన గిట్టక ఒక బర్రెను అమ్మారు. మరుసటి ఏడు రెండోదాన్నీ అమ్మారు. పిల్లలకు పాలు ప్యాకెట్లలో రావటం మొదలైంది. నా లెక్కలో గింజ ఉన్నది, చొప్ప లేదు. ఆ తప్పు నాది. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు వెదుకుతూ పోతే, అది నేను పుట్టి పెరిగిన పాతబస్తీలోనే నాకు దొరికింది.

మాది హైదరాబాదు పాతబస్తీలో గౌలిపుర. గౌళి అంటే పాలవాడు. మూసీకి ఆవలి ఒడ్డున గౌలిగూడ అని మరొక పేట ఉన్నది. కోటల చరిత్ర, మహళ్ల చరిత్ర పుస్తకాల్లో దొరుకుతుంది. పాలవాళ్ల చరిత్ర ఇట్లా పేటల పేర్లలో మిగిలింది.

1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినారు కట్టించి ఈ నగరానికి పునాది వేశాడు. నగరం అంటే మనుషులొక్కరే కాదు గదా! సైన్యానికి గుర్రాలు, బరువులకు ఎద్దులు, పాలకు ఆవులు, బర్రెలు కావాలి. వీటన్నిటికీ మేత కావాలి. పదిహేడవ శతాబ్దంలో వజ్రాల బేరానికి గోలకొండకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావర్నియే, ఈ దేశపు దారుల మీద పది పన్నెండు వేల ఎద్దులు ఒక్క బిడారుగా ధాన్యం, ఉప్పు మోసుకొని పోవటం చూచి ఆశ్చర్యపడి రాసుకొన్నాడు. ఆ ఎద్దులు దారి పొడవునా పచ్చిక మేస్తూ నడిచేవి. వాటి వీపున ధాన్యం ఎంత దూరమైనా పోయేది. కాని చొప్ప పోలేదు. ఎందుచేతనంటే చొప్పకు బరువు తక్కువ, చోటు ఎక్కువ. దాన్ని మోసేందుకు బండే కావాలి. బండి ఒకటి రెండు రాత్రులు నడిచినంత దూరమే దానికి సరిహద్దు.

అందుచేత నగరానికి గింజ దూరదేశం నుంచి వచ్చినా, మేత మాత్రం చుట్టుపట్ల ఊళ్ల నుంచే రావాలి. మా తాతగారు చెప్పేవారు – చొప్పబండ్లు తెల్లవారక ముందే వచ్చి నిలిచేవట. చొప్ప దించిన బండి ఖాళీగా తిరిగిపోయేది కాదు. తబేలాలోని పెంట ఎత్తుకొని పోయేది. ఊరి పొలం నుంచి వచ్చిన మేత, పట్నపు బర్రె కడుపులో నుంచి పోయి, మళ్లీ ఆ పొలానికే ఎరువుగా చేరేది. ఇచ్చిపుచ్చుకోవటం అంటే అదీ.

ఇప్పుడు ఊళ్ల సంగతి చూద్దాం. ఆనాడు పంటను గింజగా, గింజను తిండిగా మార్చే పని అంతా ఊళ్లోనే జరిగేది. వడ్లు రోట్లో దంచేవారు. తవుడు ఇంట్లోనే ఉండేది. నువ్వులు, వేరుశనగ ఎద్దుగానుగలో ఆడేవారు. చెక్క ఊళ్లోనే ఉండేది. కందులు తిరగలిలో విసిరేవారు. పొట్టు, నూక పెరట్లోని తొట్టిలో పడేవి. చెరకు గానుగాడి బెల్లం వండేవారు. కొన ఆకు ఎద్దుల ముందు పడేది. పని ఎక్కడ జరిగితే పొట్టు అక్కడే మిగులుతుంది. ఇది చిన్న మాటే. కాని మేత చరిత్ర అంతా ఈ ఒక్క మాట మీద నడిచింది.

తరువాత పని ఊరు వదిలిపెట్టి పోయింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు నడిచింది. రైలుతో పంట దూరం పోవటం సులభమైంది. బియ్యం మిల్లు వచ్చింది, రోకలి మూలన పడింది. నూనె మిల్లు వచ్చింది, గానుగ ఆగింది. పప్పు మిల్లు వచ్చింది, తిరగలి అటకెక్కింది. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారాన్ని స్థాపించారు. ఆ చుట్టుపట్ల చెరకు అక్కడికి పోయింది. చక్కెర తీయగా మిగిలే మడ్డి, అంటే మొలాసిస్, అక్కడే మిగిలింది. ఆ కర్మాగారం 2015లో మూతబడింది. అది వేరే కథ.

యంత్రాలు వచ్చి మన ఆడవాళ్ల భుజాల నొప్పి తగ్గించినవి. నేను వాటిని తప్పు పట్టటం లేదు. కాని ఆ యంత్రాల వెంట తవుడు, చెక్క, పొట్టు కూడా పట్నానికి పోయినవి. ఊళ్లో ఊరకే దొరికే మేత పట్నంలో సరకైంది. రైతు తన గింజ నుంచి వచ్చిన తవుడునే బస్తాకు ఇంతని పెట్టి కొనుక్కొని రావలసి వచ్చింది. ఆ తవుడులో కూడా కొంత నూనె తీసేసిన తవుడే.

చెక్క పట్నంతో కూడా ఆగలేదు, ఓడలెక్కి పోయింది. 1889లో ఇంగ్లండు నుంచి వోల్కర్ అనే వ్యవసాయ రసాయన శాస్త్రజ్ఞుడు మన దేశపు సేద్యాన్ని పరిశీలించటానికి వచ్చాడు. 1893లో వెలువడిన ఆయన నివేదికలో ఒక హెచ్చరిక ఉన్నది. నూనెగింజలను గింజలుగానే విదేశాలకు పంపటమంటే భూమి సారాన్ని పంపటమేనని ఆయన అభిప్రాయం. ఆలోచిస్తే ఇందులో ఎంతో సత్యం ఉన్నది. నూనెలో ఉన్నది గాలి నుంచి, నీటి నుంచి వచ్చిన పదార్థమే. భూమి నుంచి వచ్చిన నత్రజని, భాస్వరం చెక్కలోనే ఉంటాయి. చెక్క మన పశువు తింటే పాలూ మనవే, పెంటా మనదే. అది ఓడెక్కితే రెండూ మనవి కావు.

ఇట్లా ఊరు వదిలిన మేత వచ్చి చేరిన తావుల్లో మా పాతబస్తీ ఒకటి. పట్నంలో మిల్లులున్నాయి, గంజులున్నాయి, మండీలున్నాయి. వాటిని ఆనుకొని తబేలాలున్నాయి. తబేలాకు ఒక చిన్న నిఘంటువే ఉన్నది. జొన్నచొప్పను ఉర్దూలో కడ్బీ అంటారు, నరికిన చొప్పను కుట్టీ అంటారు. గానుగ చెక్క ఖలీ. పప్పు మిల్లులో మిగిలే పొట్టు, నూకల మిశ్రమం చూనీ. తెలుగు మాట్లాడే యాదవుడైనా, ఉర్దూ మాట్లాడే ముసల్మానైనా తబేలాలోకి వస్తే ఈ మాటలే వాడుతాడు. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని మీరు వినే ఉంటారు. కంది విరిస్తే పప్పు మనిషి విస్తట్లోకి, చూనీ బర్రె తొట్టిలోకి పోతుంది. పాతబస్తీ ఇంట్లో ఖట్టీ దాల్, హోటల్లో ఇరానీ చాయ్ – పప్పులో కంది గింజ ఉన్నది, చాయ్ పాలలో కంది పొట్టు ఉన్నది.

ఇక పండ్ల సంగతి. 1935లో మూసీకి ఉత్తరాన మొజంజాహీ మార్కెట్టు కట్టారు. చాలాకాలం నగరపు పండ్ల బేరం అక్కడే జరిగింది. 1980లలో అది గడ్డిఅన్నారానికి మారింది. 2021లో అక్కడి నుంచి బాటసింగారానికి మారింది. పాతబస్తీలో కూరగాయలకు మీర్ ఆలం మండీ ఉండనే ఉన్నది. నల్లగొండ బత్తాయి లారీలకు లారీలు నగరానికి వస్తుంది. ఒక గ్లాసు రసం తీయటానికి రెండు మూడు కాయలు పిండుతారు. రసం గ్లాసులో పోసి, తొక్క, పిప్పి బుట్టలో పారేస్తారు. రంజాను నెలలో పుచ్చకాయలు, బొప్పాయిలు ఇంటింటా కోస్తారు. ఆ తొక్కలు మిద్దె మీద, గల్లీలో కట్టిన మేకలకు పడతాయి. బక్రీదుకు పెంచే పొట్టేళ్లకు, మేకలకు శనగపొట్టు, ఆకు, తొక్కలు కలిపి పెట్టటం పాతబస్తీ ఆడవాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. ఏ పుస్తకమూ చూడకుండానే వారు ఎండు మేతనూ పచ్చి తొక్కనూ కలిపి పెడతారు. అదే అసలు కిటుకు.

ఆ కిటుకు తప్పితే ఏమవుతుందో కూడా నేను చూచాను. నేనెరిగిన ఒక తబేలాలో ఒకసారి పండ్లు చవకగా దొరికాయని బండెడు తెచ్చి, ఆకలి మీద ఉన్న బర్రెల ముందు కుమ్మరించారు. మాగిన పండు తియ్యగా ఉంటుంది గదా, అవి ఆబగా తిన్నాయి. తెల్లవారేసరికి మూడు బర్రెలు మేత మాని, నెమరు ఆపి, పొట్టలు బిగించుకొని నిలబడ్డాయి. డాక్టరుగారు వచ్చి రెంటిని బతికించారు. మూడోది దక్కలేదు. ఆ ముసలాయన నాతో అన్న మాట మరువలేను: "పండుది తప్పు కాదు బిడ్డా. పుణ్యానికొచ్చిందని నేను తొందరపడ్డా."

కారణం ఏమిటంటే, పశువు కడుపులో మేతను పులియబెట్టే సూక్ష్మజీవులు కోట్లకొద్దీ ఉంటాయి. చొప్పకు అలవాటుపడిన ఆ జీవులకు ఒక్కసారిగా తీపి, పిండిపదార్థం ఎక్కువగా పోస్తే కడుపులో ఆమ్లం పెరిగిపోతుంది. పెళ్లిళ్లలో మిగిలిన అన్నం గంపలకొద్దీ పెట్టినా ఇదే జరుగుతుంది. మన పెద్దలు కుడితిలో అన్నం మెతుకులు కొన్నే వేసి, నీళ్లు, తవుడు ఎక్కువ పోసింది ఊరకే కాదు.

చెక్క విషయంలో కూడా ఒక పాఠం ఉన్నది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా సీమకోళ్లు, అంటే టర్కీ కోళ్లు, ఏదో తెలియని జబ్బుతో చచ్చిపోయాయి. వెదకగా వెదకగా కారణం దాణాలో కలిపిన వేరుశనగ చెక్కలో దొరికింది. చెక్కకు పట్టిన ఒక బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుందని అప్పుడే లోకానికి తెలిసింది. బూజు చెక్క తిన్న బర్రె పాలలోకి కూడా ఆ విషం కొంత దిగుతుంది. తేమ తగిలిన చెక్కను చవక అని కొంటే నష్టం బర్రెతో ఆగదు, పసిబిడ్డ గ్లాసుదాకా వస్తుంది.

మరొక పాఠం కూడా ఇంగ్లండు నుంచే వచ్చింది. ఏదీ వృథా పోరాదని అక్కడ పశువుల మాంసం, ఎముకల పిండినే మళ్లీ పశువుల దాణాలో కలిపారు. 1986లో ఆవులకు పిచ్చిజబ్బు బయటపడింది. దానికి మూలం ఆ దాణాయేనని తేలగా, 1988లో దాన్ని నిషేధించారు. గడ్డి తినే జంతువుకు గడ్డిజాతి, గింజజాతి మేతే పెట్టాలి. ఫంక్షన్ హాళ్లలో మిగిలిన బిర్యానీ ఎముకలతో సహా తొట్లో పోసేవారు ఈ మాట చెవిన వేసుకోవాలి. అట్లాగే ఆముదపు చెక్క పొలానికి మంచి ఎరువు, పశువుకు మాత్రం విషం. మిగిలినదల్లా మేత కాదు సుమా!

తవుడు, చెక్క, చూనీ, తొక్కలు – వీటి కథ ఇది. మరి చొప్ప? అన్నీ ఊరు వదిలి పోయినా చొప్ప, వరిగడ్డి మాత్రం రైతు చేతిలోనే మిగిలాయి. వాటిని ఏ మిల్లూ తీసుకోలేదు. కాని వాటి విలువ మరచిపోయేట్టు చేసినవారిలో మా శాఖల వాళ్లం కూడా ఉన్నాము.

1964లో మన దేశపు మొట్టమొదటి సంకర జొన్న, సి.ఎస్.హెచ్.-1, విడుదలయింది. దేశం గింజల కరువుతో ఉన్న రోజులవి. గింజ దిగుబడి పెంచటం అత్యవసరమైంది. పొట్టిగా పెరిగి, తొందరగా కోతకు వచ్చి, ఎక్కువ గింజనిచ్చే రకాలు వచ్చినవి. అది గొప్ప విజయమే. కాని తొందరగా కోతకు వచ్చిన పంట ఒక్కోసారి వానల్లో చిక్కి, గింజ బూజుపట్టేది, చొప్ప నల్లబడేది. పొట్టి జొన్నకు చొప్ప కూడా తక్కువే. పొడుగు దేశవాళీ జొన్నను వదలని రైతును మొండివాడని అనుకొన్నాము. అతడు మొండివాడు కాడు. అతని లెక్కలో రెండు పంటలున్నాయి: పైన కంకి, కింద చొప్ప. మన లెక్కలో ఒక్కటే ఉన్నది.

ఆ రెండో పంటకు ధర కట్టి చూపించింది హైదరాబాదు చొప్ప బజారు. 2004-05లో పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌కు చెందిన పి. పార్థసారథి రావు, అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థకు చెందిన మైకేల్ బ్లుమెల్, నగరంలోని చొప్ప వ్యాపారుల దగ్గర నెలనెలా ధరలు రాసుకొని, చొప్ప నమూనాలు తీసుకొని ప్రయోగశాలలో పరీక్షించారు. నగరంలో చొప్ప అంతా ఒకటే కాదు. రాయచూరు చొప్ప, రాయలసీమ చొప్ప, నారాయణఖేడ్ చొప్ప అని ప్రాంతం పేరుతోనే అమ్ముతారు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క ధర. ఆనాడు కిలో ఎండుచొప్ప మూడు రూపాయల పైచిలుకు నుంచి నాలుగు రూపాయల లోపు పలికింది. అది జొన్న గింజ ధరలో ఇంచుమించు సగం!

ఇంకా విశేషం వినండి. అగ్గువ చొప్పలో పశువుకు అరిగే భాగం నూటికి 47 వంతులు ఉంటే, మేలైన చొప్పలో 52 వంతులు ఉన్నది. తేడా అయిదు వంతులే. కాని ధరలో తేడా నాలుగో వంతు దాకా ఉన్నది. తబేలా యజమానికి ప్రయోగశాల లేదు. అతడు చొప్ప కాడ విరిచి చూస్తాడు, ఆకు నలిపి చూస్తాడు, వాసన చూస్తాడు, బర్రె ఎంత వదిలిపెడుతుందో చూస్తాడు, సాయంత్రం చెంబులో పాలు చూస్తాడు. అతని కంటిచూపు, శాస్త్రజ్ఞుల పరీక్ష ఒక్క మాటే చెప్పాయి. జొన్న రకాలను ఎంచేటప్పుడు గింజతోపాటు చొప్ప గుణాన్ని కూడా చూడాలనే పరిశోధకుల వాదనకు ఈ బజారు లెక్కలు బలమిచ్చాయి.

ఆ చొప్పతోనే నగరంలో మేతదిమ్మెలు కూడా తయారుచేశారు. వాటిలో సగం జొన్నచొప్ప. తక్కినదానిలో తవుడు, పొట్టు, చెక్కలు, మొలాసిస్, కొద్దిగా గింజ, లవణాలు. అంటే నూటికి తొంభై వంతులకు పైగా ఉప ఉత్పత్తులే. పేరు కొత్తది గాని, చూడబోతే మన కుడితితొట్టే గట్టిపడి ఇటుక అయింది!

చాలినంత చొప్ప దొరకని చోట నగరం ఇంకొక దారి వెదుక్కొన్నది. మూసీలో పారే మురుగునీటితో నగరానికి దిగువన పారాగడ్డి పెంచుతారు. నిత్యం కోతకు వస్తుంది, పచ్చగా ఉంటుంది, తబేలాలకు అమ్ముడుపోతుంది. దాని మీద బతికే కుటుంబాలున్నాయి. కాని కర్మాగారాల మురుగు కలిసిన నీటిలో సీసం వంటి బరువు లోహాలు ఉండవచ్చు. అవి గడ్డిలోకి ఎక్కుతాయి. శుభ్రమైన నేలలో, వాననీటితో పండిన మీ ఎండుచొప్పకు ఆ భయం లేదు. దాని గొప్పతనం ఇందులో కూడా ఉన్నది.

అయితే ఈనాడు ఊళ్లలో ఏమి జరుగుతున్నది? జొన్న చేలు పత్తి చేలయినవి. పత్తికట్టె బర్రె తినదు. పత్తిగింజ, గింజల చెక్క మంచి దాణాయే. కాని అది మిల్లుకు పోయి, ధర కట్టించుకొని తిరిగి వస్తుంది. వరి కోతకు యంత్రం దిగింది. గడ్డి మడిలో చిందరవందరగా పడుతుంది. ఏరేందుకు కూలీ లేడని అగ్గిపుల్ల గీస్తున్నారు. చెక్క ఓడెక్కి పోతే కనీసం డబ్బయినా వచ్చింది. గడ్డి పొగై పోతే ఏమీ రాదు. ఊరిలో మిగిలిన చివరి మేత అది. దాన్ని మన చేతితో మనమే కాల్చుకోవద్దు.

ఇక చేయవలసిన పనులు కొన్ని చెప్పి ముగిస్తాను.

మొదటిది: ఏ పంట వేయాలో నిర్ణయించేటప్పుడు చొప్పను కూడా లెక్కలో వేయండి. ఒక పాడి బర్రెకు రోజుకు ఆరు కిలోల ఎండుమేత అనుకొన్నా, ఏడాదికి ఇంచుమించు 22 క్వింటాళ్లు కావాలి. అది ఇంట్లో ఎంత పండుతుంది, కొంటే ఎంతవుతుంది – ఈ రెండూ కాగితం మీద వేసి చూచుకోండి. పత్తి వేసే రైతు ఒక ఎకరంలోనైనా జొన్న, కంది వేసుకొంటే తొట్టి ఖాళీ కాదు.

రెండవది: కంకి కోసిన తరువాత చొప్పను చేలో నిలబెట్టి ఎండనివ్వకండి, వానకు వదలకండి. కోసి, ఆరబెట్టి, మెరక మీద వామి వేసి, పైన కప్పండి. నల్లబడిన చొప్పకు బజారులో ధర లేదు, బర్రె దగ్గర మర్యాదా లేదు. నరికి పెడితే వృథా తగ్గుతుంది. వానలేక వాడిన లేత జొన్నలో నాము ఉంటుంది. పశువును ఆ చేలోకి పోనీయకండి.

మూడవది: వరిగడ్డిని బలపరచే పద్ధతి ఉన్నది. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 40 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా గడ్డి పరచి, సమంగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా 21 రోజులు కప్పి ఉంచాలి. తీసిన గడ్డిని కొంతసేపు గాలికి ఆరనిచ్చి, కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఆరు నెలలలోపు దూడలకు పెట్టరాదు. యూరియా నీళ్లు పశువుకు అందేచోట ఉంచరాదు, తాగితే ప్రాణాపాయం.

నాలుగవది: నగరం దగ్గర ఉండి బత్తాయి తొక్క, పండ్ల పిప్పి దొరికేవారు ఏ రోజుది ఆ రోజే తెచ్చుకోండి. ప్లాస్టిక్ సంచులు, దారాలు, మేకులు ఏరివేయండి. కొంత ఎండబెట్టుకోండి; లేదా చొప్ప ముక్కలతో కలిపి, గాలి లేకుండా డ్రమ్ములో కూరి మాగవేయండి. ముందు ఎండుమేత పెట్టి, తరువాతే తొక్క పెట్టండి. మొదట దోసెడుతో మొదలుపెట్టి, వారం పది రోజులలో పెంచండి. బూజు పట్టినది పెంటకుప్పకే పోవాలి.

అయిదవది నాతో పనిచేసే మిత్రులకు. రైతు ఇంటికి పోయినప్పుడు ఎన్ని క్వింటాళ్లు పండిందని అడిగి ఊరుకోకండి. చొప్ప ఎన్ని కట్టలయింది, దొడ్లో ఎన్ని పశువులున్నాయి అని కూడా అడగండి. ఆ ప్రశ్న ఇంటి ఆడవాళ్లను అడగండి. తొట్టి నిండినదీ, ఎండినదీ ముందుగా తెలిసేది వారికే.

నేను ఆ చేవెళ్ల వైపు ఇంటికి మళ్లీ పోయాను. "అమ్మా, ఆనాడు నీవు అడిగినదానికి నేను జవాబు చెప్పలేదు. పత్తికట్టె బర్రె తినదు" అన్నాను. ఆమె నవ్వి, "అది నాకెరుకనే గద సారూ" అన్నది. ఇద్దరం కూర్చొని మళ్లీ లెక్క వేశాము. ఈసారి చొప్ప కూడా వేశాము. నాలుగెకరాలలో ఒక ఎకరం జొన్నకు, కందికి విడిచారు. ఇప్పుడు ఆ దొడ్లో ఒక బర్రె ఉన్నది. రెండోది ఇంకా రాలేదు. కుడితితొట్టి మాత్రం మళ్లీ తడిగా ఉన్నది.

మీ దొడ్లో తొట్టి ఎట్లా ఉన్నదో ఈ సాయంత్రం ఒకసారి చూచుకోండి. సెలవు.